చదివిన వాక్యం సమయానికి గుర్తుకు రావాలంటే ఏం చేయాలి?

బైబిల్‌లోని సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు కాబట్టి తేదీని బట్టి రోజుకొకటి ఉదయాన్నే చదువుతున్నాను. చదివేటప్పుడు మనసును తాకుతుంది, మధ్యాహ్నానికి జారిపోతుంది. 15:1, అదే మృదువైన మాట క్రోధాన్ని చల్లారుస్తుందనే వచనం, నాకు కంఠతా వచ్చు. అయినా ఇంట్లో ఎవరైనా గొంతు పెంచితే, నేను జవాబిచ్చేశాకే అది గుర్తొస్తుంది. నా బాధంతా ఇక్కడే. నోట్‌బుక్‌లో రాసుకున్నాను, ఫోన్ లాక్‌స్క్రీన్ మీద పెట్టుకున్నాను, అలారం కూడా పెట్టాను. కొన్నాళ్లకు కళ్లు వాటిని దాటుకుని వెళ్లిపోతున్నాయి. వినడానికి వేగిరపడాలి, మాట్లాడడానికీ కోపానికీ నిదానించాలి అనే యాకోబు పత్రిక 1:19 కలిపి ధ్యానించినా అంతే. వారమంతా ఒకే వచనం పట్టుకోమని కొందరంటారు గానీ, మిగతా గ్రంథం వదిలేయడానికి మనసొప్పడం లేదు. సరిగ్గా ఆ క్షణంలో, నోరు తెరవకముందే వాక్యం గుర్తొచ్చేలా మీకు పనిచేసిన అలవాటు ఏమిటి?