పక్షులు, తేనెటీగల మాటకు అర్థమేమిటి?

ప్రశ్న (కావలి): మా అమ్మాయి ఇంగ్లిష్ కథలో ‘ది బర్డ్స్ అండ్ ది బీస్’ అన్న మాట చూసి, పక్షుల గురించి చెప్పడానికి ఆ తల్లికి అంత సిగ్గెందుకని అడిగింది. దీని అర్థమేమిటి? ‘ఫ్యాక్ట్స్ ఆఫ్ లైఫ్’ కూడా ఇదేనా?

జవాబు (ఒంగోలు): స్త్రీపురుష సంబంధాన్ని, బిడ్డ పుట్టుకను పిల్లలకు తెలియజెప్పడాన్ని ఇంగ్లిష్‌వారు అలా చాటుగా అంటారు. ‘ది ఫ్యాక్ట్స్ ఆఫ్ లైఫ్’కూ అదే అర్థం, అయితే ‘ఎ ఫ్యాక్ట్ ఆఫ్ లైఫ్’ అని ఏకవచనంలో వాడితే, ముసలితనంలాంటి తప్పించుకోలేని నిజమని అర్థం. చావు, పన్నులు తప్ప లోకంలో ఏదీ ఖాయం కాదని 1789లో అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక ఉత్తరంలో రాసిన మాట ఈ కోవలోదే.

జవాబు (కందుకూరు): అర్థం చెప్పి ఊరుకోకండమ్మా. మనవైపు పెద్దమనిషైన పిల్లకు చిమ్మిలి తినిపించి పేరంటం చేస్తాం గాని, అండం ఫలదీకరణ చెందనప్పుడు గర్భాశయపు లోపలి పొర రక్తంతో పాటు బయటకు రావడమే నెలసరి అని ఎవరమూ చెప్పం. పాప తానే అడిగింది కాబట్టి ఈ పూటే చెప్పండి.