పారిస్ నుంచి వీకెండ్‌కి పల్లెటూరు: అమ్మానాన్నతో ఎక్కడికెళ్తే బాగుంటుంది?

తణుకు_కుర్రాడు:
అందరికీ నమస్తే. అమ్మానాన్న వచ్చి మూడు వారాలైంది. ఈఫిల్ టవర్, లూవ్ర్, సెన్ నదిలో పడవ అన్నీ అయిపోయాయి. నిన్న రాత్రి నాన్న "ఇక్కడ వ్యవసాయం ఎక్కడ చేస్తార్రా?" అని అడిగారు. నలభై ఏళ్ళు వరి, చెరకు పండించిన మనిషి, నా చిన్న ఒంటిగది ఫ్లాట్‌లో కిటికీ పక్కన కూర్చుని ఎదురు గోడ చూస్తుంటే నాకు మనసు అదోలా అయిపోతోంది. ఈ శని ఆదివారాలు ఎక్కడికైనా తీసుకెళ్దామని. కారు లేదు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పైగా ప్యూర్ వెజ్. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

లైన్‌పీ:
ప్రొవాన్ వెళ్ళు తమ్ముడూ, వేరే ఆలోచనే వద్దు. గార్ ద లెస్ట్ స్టేషన్‌లో లైన్ పీ రైలెక్కితే గంటన్నర లోపే దిగుతారు. నీ నెల నవిగో పాసు అక్కడిదాకా పనిచేస్తుంది. అమ్మానాన్నకి 2025 జనవరి నుంచి ఈల్ ద ఫ్రాన్స్‌లో, అంటే పారిస్ చుట్టుపక్కల ప్రాంతమంతా, ఎంత దూరమైనా ఒకటే రేటు టికెట్ ఉంది కదా, అప్పుడు 2.50 యూరోలు పెట్టారు. కాకపోతే ఆ టికెట్ ఎక్కించే కార్డు ఒక్కటే పెట్టుకుని ఇద్దరు వెళ్ళకూడదు, ఎవరి కార్డు వాళ్ళకి కొను. ఊరు పన్నెండు పదమూడో శతాబ్దాల్లో పెద్ద పెద్ద సంతలు జరిగిన ఊరు, 2001లో యునెస్కో లిస్టులో పెట్టారు. కోటగోడ దాటగానే పొలాలే. శనివారం పొద్దున కింద ఊళ్ళో సంత కూడా ఉంటుంది. ఒక్కటే ఇబ్బంది, స్టేషన్ నుంచి పై ఊరికి ఎక్కుడు, అమ్మని మధ్యలో కూర్చోబెడుతూ తీసుకెళ్ళు.

గోంగూర_పారిస్:
వెజ్ గురించి నేను చెప్తా, మా అత్తగారితో పడ్డాను కాబట్టి. కిష్ (ఇక్కడి ఉప్పు పై) అనగానే గుడ్డు, చీజే కదా అని ఆర్డర్ ఇచ్చేయకండి, కిష్ లొరేన్‌లో లార్దోన్లు వేస్తారు, అంటే పంది ముక్కలు. "సాన్ వియాండ్, సాన్ పువాసోన్" (మాంసం వద్దు, చేప వద్దు) అని రెండూ చెప్పాలి, ఒక్క వియాండ్ అంటే చేపలు తెచ్చి పెడతారు. ఇంకోటి, పల్లెల్లో మధ్యాహ్నం రెండు దాటితే వంటగది కట్టేస్తారు, ఎంత బతిమాలినా లాభం లేదు. పులిహోర కలిపి డబ్బాలో పట్టుకెళ్ళడమే మంచిది, నేనిప్పుడు అదే చేస్తున్నా.

బెజవాడ75:
రాత్రి ఉండాలనుకుంటే మాత్రం జాగ్రత్త అన్నా. మేము పోయినేడు పెర్ష్ వైపు వెళ్ళాం, మోంపార్నాస్‌లో రైలెక్కి నోజాన్ ల రొత్రూలో దిగాం, గీత్ (పల్లెల్లో అద్దెకిచ్చే ఇల్లు) ఏమో ఊరి బయట ఏడు కిలోమీటర్లు. శనివారం ఓనరమ్మ వచ్చి ఎక్కించుకుంది, ఆదివారం బస్సు లేదు, ట్యాక్సీ ఎవరూ ఫోన్ ఎత్తలేదు, పిల్లాణ్ణి భుజాన వేసుకుని నడిచాం. దుప్పట్లకి వేరేగా డబ్బులన్న సంగతి కూడా అక్కడికెళ్ళాకే తెలిసింది. అయినా ఆ పొద్దున మంచులో పెర్షెరోన్ గుర్రాలు కంచె దాకా వచ్చి మావాడి చేతిలో గడ్డి తిన్నాయి, ఒక్కోటి మన ఒంగోలు ఎద్దంత ఉన్నాయి, వాడింకా ఆ మాటే చెప్తాడు. స్టేషన్‌కి నడిచే దూరంలో గది దొరికితేనే ఉండండి, లేదంటే శనివారం వెళ్ళి రాత్రికి వచ్చేయండి.

యానాం_మనవరాలు:
మా తాతయ్య ఫ్రెంచి యానాంలో చదువుకున్నారు, ఇక్కడికొచ్చినప్పుడు ఆయన్ని ఒవేర్ సుర్ వాజ్ అనే ఊరు తీసుకెళ్ళాను. చిత్రకారుడు వాన్ గోగ్ 1890లో చివరి డెబ్భై రోజులు అక్కడే గడిపాడు. సమాధి చాలా మామూలుగా ఉంటుంది, పక్కనే తమ్ముడు తియో, రెండిటి మీదా ఒకటే ఐవీ తీగ. ఆ స్మశానం పక్కనే గోధుమ పొలం, ఇప్పటికీ సాగు చేస్తున్నారు. మీ నాన్నగారికి నచ్చుతుందండి. ఈసారి జివెర్నీ కూడా చూడండి, ఇంకో చిత్రకారుడు మోనే కలువల కొలను అక్కడే. కాకపోతే అది నార్మండీలోకి వస్తుంది, నవిగో చెల్లదు, పైగా ఏప్రిల్ 1 నుంచి నవంబర్ 1 దాకే తెరుస్తారు.

తణుకు_కుర్రాడు:
వెళ్ళొచ్చామండీ, ప్రొవాన్. అందరికీ చాలా థ్యాంక్స్. కోటలూ గులాబీపూల జామూ అమ్మకి నచ్చాయి, నాన్న మాత్రం గోడ దాటాక పొలం గట్టున పోసిన తెల్లదుంపల (షుగర్ బీట్) గుట్ట దగ్గర ఆగిపోయారు. ఒకటి చేతిలోకి తీసుకుని మట్టి తుడిచి గోటితో గీకి నాలిక మీద పెట్టుకున్నారు, "తియ్యగా ఉందిరా, దీంతోనా వీళ్ళ పంచదార?" అని. అక్కడే అరగంట. ఎకరానికి ఎన్ని టన్నులు దిగుతుందని అడిగారు, నాకు తెలీలేదు. ఎవరికైనా తెలుసా?

లైన్‌పీ:
మంచి ఏడాదైతే హెక్టారుకి 80 టన్నుల దాకా, అంటే ఎకరానికి 32. దుంపలో పదహారు పదిహేడు శాతం పంచదార ఉంటుంది.

తణుకు_కుర్రాడు:
చెప్పానన్నా. నాన్న నమ్మట్లేదు, మన చెరకులో పదికి అటూ ఇటూ కదా అంటున్నారు. తవ్వే మిషన్ చూడాలట, వచ్చే శనివారం మళ్ళీ అక్కడికే టికెట్లు.