బూట్‌లోడర్‌ను తిరిగి లాక్ చేశాక పిక్సెల్ 6ఏ ఆన్ కావడం లేదు: దారి ఉందా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా దగ్గర పిక్సెల్ 6ఏ ఉంది. నిరుడు దాని బూట్‌లోడర్‌ను (ఫోన్ ఆన్ కాగానే ఆండ్రాయిడ్‌ను లేపే మొదటి ప్రోగ్రామ్) అన్‌లాక్ చేసి, మ్యాజిస్క్ అనే సాధనంతో రూట్ చేసుకున్నాను, అంటే సిస్టమ్‌ను కూడా మార్చగల పూర్తి అధికారం తెచ్చుకున్నాను. కారణం చెబితే నవ్వుతారేమో గాని, ఫోన్ అంతటా తెలుగు అక్షరాలు మండలి ఫాంటులో కనిపించాలన్నది నా కోరిక. ఆ కోరిక తీరింది, ఏడాదిపాటు ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. ఈమధ్య మా బ్యాంకు యాప్ తెరవగానే, ఈ ఫోన్ సురక్షితం కాదని చెప్పి దానంతటదే మూసుకుపోవడం మొదలైంది.

బూట్‌లోడర్‌ను మళ్లీ లాక్ చేస్తే యాప్ పనిచేస్తుందని ఎక్కడో చదివాను. మ్యాజిస్క్ యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి, రూట్ పోయిందనుకుని, ఆఫీసులో మిత్రుడి ల్యాప్‌టాప్‌కు ఫోన్ తగిలించి ‘ఫాస్ట్‌బూట్ ఫ్లాషింగ్ లాక్’ అనే కమాండ్ ఇచ్చాను. ఫోన్ అడిగినదానికి వాల్యూమ్ బటన్‌తో సరే అని ఎంచుకుని, పవర్ బటన్ నొక్కాను. ఆ తరువాత ఆన్ చేసిన ప్రతిసారీ, ఈ డివైస్ పాడైందని, దీన్ని నమ్మడానికి లేదని, ఇది బూట్ కాదని చెప్పే ఆంగ్ల హెచ్చరిక ఒక్కటే తెర మీద నిలుస్తోంది. వాల్యూమ్ డౌన్, పవర్ బటన్లు కలిపి నొక్కిపడితే ఫాస్ట్‌బూట్ తెర (కంప్యూటర్ నుంచి వచ్చే కమాండ్లను బూట్‌లోడర్ అందుకునే చోటు) వస్తోంది, అందులో డివైస్ స్టేట్ ‘లాక్డ్’ అని ఉంది. అక్కడినుంచి రికవరీ మోడ్ (మరమ్మతు పనుల కోసం ఉండే చిన్న వ్యవస్థ) ఎంచుకున్నా మళ్లీ అదే హెచ్చరిక దగ్గరికి చేరుతోంది. ఇంట్లో నా సొంత కంప్యూటర్‌కు తగిలిస్తే, ఏ కమాండ్ ఇచ్చినా ‘వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్’ అని చూపి అక్కడే ఆగిపోతోంది.

మా ఊళ్లో ఒక రిపేరు దుకాణంలో చూపిస్తే, బోర్డు మార్చాలని, 9,000 రూపాయలు అవుతుందని అన్నారు. ఫోన్‌ను తిరిగి లేపడానికి వేరే దారి ఉందా? అందులోని ఫోటోలు దక్కుతాయా?

మొదటి సమాధానం

ముందు ఫోటోల సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే దాని మీద ఆశ పెట్టుకుని మీరు తరువాతి పనులు వాయిదా వేయకూడదు. అవి దక్కవు. బూట్‌లోడర్‌ను అన్‌లాక్ చేసినా, లాక్ చేసినా, ఫోన్ తనలోని యూజర్ డేటాను తుడిచేస్తుంది. డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే డిజిటల్ తాళంచెవి లేనిదే చదవలేని రూపంలో ఉంటుంది కాబట్టి, ఆ తాళంచెవులు నాశనమైన తరువాత చిప్‌ను ఊడదీసి చదివినా అర్థంలేని అంకెలే మిగులుతాయి. డబ్బు తీసుకుని రికవర్ చేస్తామనే వారి మాట నమ్మకండి. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినవి ఉంటే, అవే మీకు మిగిలినవి.

ఇక ఫోన్ విషయం. మీ బోర్డుకు ఏమీ కాలేదని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. ఫాస్ట్‌బూట్ తెర వస్తున్నదంటే చిప్, మెమరీ, బూట్‌లోడర్ మూడూ తమ పని తాము చేస్తున్నాయి, ఆగింది ఆ తరువాతి మెట్టు దగ్గర. ఆండ్రాయిడ్‌లో వెరిఫైడ్ బూట్ అనే ఏర్పాటు ఉంది. తయారీదారు సంతకం చేసిన విబిమెటా అనే చిన్న పార్టిషన్‌లో (మెమరీలోని ఒక భాగం), బూట్ ఇమేజ్ (ఆండ్రాయిడ్ లేవడానికి కావలసిన ఫైలు) ఎలా ఉండాలో తెలిపే హ్యాష్, అంటే ఆ ఫైలు నుంచి లెక్కకట్టిన గుర్తు, రాసి ఉంటుంది. మ్యాజిస్క్‌తో రూట్ చేయడమంటే ఆ బూట్ ఇమేజ్‌ను మార్చడమే. సబ్‌రిజిస్ట్రార్ ముద్ర పడిన దస్తావేజులో తరువాత ఒక్క అక్షరం దిద్దినా అది చెల్లనట్టే, ఇక్కడ ఒక్క బైటు మారినా హ్యాష్ కలవదు. బూట్‌లోడర్ అన్‌లాక్ అయి ఉన్నంతకాలం ఈ తేడాను అది పట్టించుకోకుండా ఒక హెచ్చరిక చూపి, కొన్ని క్షణాల తరువాత ముందుకు పోనిచ్చింది. మీరు లాక్ చేయగానే అదే తేడాకు తలుపు మూసేసింది.

మీ పొరపాటు ఎక్కడ జరిగిందంటే, మ్యాజిస్క్ యాప్‌ను తీసివేయడం వేరు, మార్చిన బూట్ ఇమేజ్‌ను అసలుదానితో భర్తీ చేయడం వేరు. మీరు మొదటిది మాత్రమే చేశారు. రికవరీ ఎందుకు రావడం లేదన్నదానికీ ఇదే జవాబు: రికవరీ మోడ్, రెస్క్యూ మోడ్ (కంప్యూటర్ సాయంతో ఫోన్‌ను బాగుచేసే మోడ్) రెండూ అదే బూట్ పార్టిషన్‌లోని కెర్నల్ (ఆండ్రాయిడ్ మూల భాగం) మీద ఆధారపడి లేస్తాయి.

కాబట్టి ఇప్పుడు మీ అదృష్టమంతా ఒక్క ప్రశ్న మీద నిలిచి ఉంది. లాక్ చేయడానికి ముందు, డెవలపర్ ఆప్షన్స్‌లో, బూట్‌లోడర్ అన్‌లాక్‌కు అనుమతినిచ్చే ఓఈఎం అన్‌లాకింగ్ స్విచ్‌ను ఆపేశారా, అలాగే ఉంచారా? గుర్తు లేకపోతే ఫోన్‌నే అడగవచ్చు. ‘ఫాస్ట్‌బూట్ ఫ్లాషింగ్ గెట్ అన్‌లాక్ ఎబిలిటీ’ అనే కమాండ్ ఇవ్వండి, చివరి మూడు మాటల మధ్య ఖాళీకి బదులు అండర్‌స్కోర్లు ఉండాలి. జవాబు 1 వస్తే స్విచ్ తెరిచే ఉంది. డేటా తుడుచుకుపోయినా ఆ అనుమతి చెరిగిపోకుండా విడిగా భద్రపరచి ఉంటుంది కాబట్టి, ‘ఫాస్ట్‌బూట్ ఫ్లాషింగ్ అన్‌లాక్’ మళ్లీ పనిచేస్తుంది. జవాబు 0 వస్తే మాత్రం ఇంట్లో చేయగలిగింది చాలా తక్కువ. లాక్ అయిన స్థితిలో ఇమేజ్‌లు ఫ్లాష్ చేయడానికి (ఫోన్ మెమరీలోకి రాయడానికి) గాని, స్లాట్ (సాఫ్ట్‌వేర్ రెండు ప్రతులలో ఒకటి ఉండే చోటు) మార్చడానికి గాని బూట్‌లోడర్ ఒప్పుకోదు, అప్పుడు కంపెనీ అధీకృత సర్వీస్ సెంటరే గతి.

1 వచ్చిందనుకుని మిగతాది చెబుతాను. అన్‌లాక్ చేశాక, గూగుల్ తన డెవలపర్ సైట్‌లో పెట్టిన ఫ్యాక్టరీ ఇమేజ్ (ఫోన్ అసలు సాఫ్ట్‌వేర్ మొత్తం) తీసుకోండి. 6ఏకు సంకేతనామం బ్లూజే. ఫైలు పేరు ఆ మాటతోనే మొదలవుతుంది. ఓరియోల్ అని ఉన్నది పిక్సెల్ 6కు చెందినది, దాన్ని ముట్టుకోవద్దు. పాత వెర్షన్ జోలికీ పోవద్దు. 2022 ఆగస్టులో ఆండ్రాయిడ్ 13తో పాటు 6, 6 ప్రో, 6ఏ ఫోన్ల బూట్‌లోడర్‌లో యాంటీ రోల్‌బ్యాక్ సంఖ్యను (పాత వెర్షన్‌కు వెనక్కి పోకుండా అడ్డుకునేది) పెంచారు, అప్పటినుంచి వాటిలో ఆండ్రాయిడ్ 12 బూట్‌లోడర్ నడవదు. ఈ ఫోన్‌లో ఎ, బి అని రెండు స్లాట్లు ఉంటాయని కూడా గుర్తుంచుకోండి. ఒక స్లాట్‌లో కొత్తది, మరొకదానిలో కాలం చెల్లిన బూట్‌లోడర్ మిగిలి ఉంటే, ఎప్పుడైనా ఫోన్ రెండో స్లాట్‌కు మారినప్పుడు మొదటికే మోసం వస్తుంది. అందువల్ల ఒకసారి ఫోన్ మామూలుగా లేచిన తరువాత, అదే వెర్షన్ పూర్తి ఓటీఏ (అప్‌డేట్) ఫైలును రికవరీ నుంచి సైడ్‌లోడ్ చేస్తే, అంటే కంప్యూటర్ నుంచి పంపి వేస్తే, అది రెండో స్లాట్‌లోకి చేరుతుంది.

లాక్ చేయడం అన్నిటికంటే ఆఖరున. రూట్ చేయని అసలు సాఫ్ట్‌వేర్‌తో ఫోన్ హోమ్ స్క్రీన్ దాకా వచ్చిందని కళ్లారా చూశాకే చేయండి. ఆ సమయంలో ఓఈఎం అన్‌లాకింగ్ స్విచ్ తెరిచే ఉండాలి. లాక్ అయిన ఫోన్ మరోసారి సజావుగా లేచిన తరువాత కావాలంటే దాన్ని ఆపుకోండి.

రెండవ సమాధానం

పై మిత్రులు చెప్పినదానికి నేను కలిపేది కంప్యూటర్ వైపు సంగతి. పన్నెండేళ్లుగా ఫోన్ల రిపేరు చేస్తున్నాను. ‘వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్’ అని నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఫోన్ తప్పు కాదు, కేబుల్ తప్పు. పవర్ బ్యాంకుతో వచ్చే పొట్టి కేబుళ్లలో చాలావాటికి లోపల ఛార్జింగ్ తీగలు రెండే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఫోన్ పెట్టెలో వచ్చిన కేబుల్ వాడండి.

అప్పటికీ కాకపోతే విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, ఫోన్ ఫాస్ట్‌బూట్ తెర మీద ఉండగానే తగిలించి చూడండి. పసుపు రంగు త్రికోణంతో ఆండ్రాయిడ్ అని ఒక పేరు కనిపిస్తే డ్రైవర్ లేదన్నమాట. ఫోన్ ఆన్‌లో ఉన్నప్పుడు ఫైళ్లు కాపీ అవుతున్నాయి కదా, డ్రైవర్ ఉన్నట్టే కదా అని చాలామంది వాదిస్తారు. ఆ డ్రైవర్ వేరు, ఫాస్ట్‌బూట్‌కు కావలసింది వేరు. గూగుల్ యూఎస్‌బీ డ్రైవర్ దించుకుని, ఆ పేరు మీద కుడి క్లిక్‌తో అప్‌డేట్ చేసి, జాబితాలోంచి ఆండ్రాయిడ్ బూట్‌లోడర్ ఇంటర్‌ఫేస్ ఎంచుకోండి. కొన్ని కంప్యూటర్లలో యూఎస్‌బీ 3 పోర్టుతో కమాండ్ మధ్యలో తెగిపోతుంది. అలాంటప్పుడు పాత యూఎస్‌బీ 2 హబ్ ఒకటి మధ్యలో పెడితే పని సాఫీగా జరగడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఈ శీర్షిక చూసి వచ్చేవారి కోసం ఇంకో మాట. బూట్‌లోడర్ జోలికే పోని ఫోన్ ఆన్ చేసిన ప్రతిసారీ నేరుగా ఫాస్ట్‌బూట్‌లోకి పోతూ ఉంటే, సాఫ్ట్‌వేర్‌ను అనుమానించే ముందు వాల్యూమ్ డౌన్ బటన్‌ను చూడండి. మొన్న ఒకాయన మూడు చోట్ల ఫ్లాష్ చేయించి, చివరికి నా దగ్గరికి తెచ్చారు. వెనుక కవర్ తీసి చూస్తే, ఆ బటన్ కింద చెమట, దుమ్ము కలిసి నల్లటి పొరలా గట్టిపడి, బటన్ లోపలికే అతుక్కుపోయి ఉంది. ఫోన్ దృష్టిలో ఎవరో ఆ బటన్‌ను నొక్కి పట్టుకునే ఉన్నారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి, మెత్తటి బ్రష్‌తో తుడిస్తే ఫోన్ మామూలుగా లేచింది. బిగుతుగా ఉన్న కేస్ బటన్‌ను నొక్కి ఉంచినా ఇదే లక్షణం. ముందు కేస్ తీసి చూడటానికి ఖర్చు ఏమీ లేదు.

తెర పూర్తిగా నల్లగా ఉండి, కంప్యూటర్‌లో క్వాల్‌కామ్ 9008 అని కనిపిస్తే అది క్వాల్‌కామ్ కంపెనీ చిప్ ఉన్న ఫోన్లకు వచ్చే వేరే జాతి సమస్య, ఈడీఎల్ మోడ్ అంటారు. మీ 6ఏలో ఉన్నది గూగుల్ టెన్సర్ చిప్ కాబట్టి, ఆ మోడ్ కోసం అమ్మే సాధనాలు మీకు పనికిరావు. వాటి మీద డబ్బు పెట్టకండి.

మూడవ సమాధానం

నేను డాలస్‌లో ఉంటాను. ఇక్కడినుంచి ఇంటికి ఫోన్లు పంపే మనవాళ్ల కోసం రాస్తున్నాను. వెరైజాన్ అనే అమెరికా ఫోన్ సర్వీస్ కంపెనీ ద్వారా అమ్మిన పిక్సెల్ ఫోన్లలో ఓఈఎం అన్‌లాకింగ్ స్విచ్ మసకబారి ఉంటుంది, నొక్కినా కదలదు. సిమ్ లాక్ తీయించుకున్నంత మాత్రాన బూట్‌లోడర్ తాళం తెరుచుకోదు, ఈ రెండింటికీ సంబంధం లేదు. నేరుగా గూగుల్ నుంచి కొన్న ఫోన్‌లోనూ, మొదట ఒకసారి ఇంటర్నెట్‌కు కలిపేదాకా ఆ స్విచ్ కదలకపోవచ్చు. దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు.

లాక్ చేయడం గురించి మొదటి సమాధానం చెప్పిన జాగ్రత్త పిక్సెల్‌కే పరిమితం కాదు. చైనా మార్కెట్ కోసం చేసిన షావోమీ ఫోన్‌లో గ్లోబల్ రామ్ (ఆర్‌ఓఎం, అంటే ఇతర దేశాల కోసం చేసిన సాఫ్ట్‌వేర్) వేసి లాక్ చేస్తే, ఈ మీయూఐ (షావోమీ సాఫ్ట్‌వేర్) వెర్షన్ ఈ డివైస్‌లో నడవదంటూ రికవరీలోనే ఆగిపోతుంది. తిరిగి అన్‌లాక్ చేద్దామంటే ఆ కంపెనీ పెట్టే నిరీక్షణ సమయం ఉండనే ఉంది. చాలా ఫోన్లకు అది 168 గంటలుగా ఉండేది. శాంసంగ్‌లోనైతే సంతకం లేని సాఫ్ట్‌వేర్ వేస్తే నాక్స్ (శాంసంగ్ భద్రతా వ్యవస్థ) ఫ్యూజ్ 0 నుంచి 1కి మారిపోతుంది. అది చిప్‌లో కాలిపోయే గుర్తు, తరువాత అసలు సాఫ్ట్‌వేర్ వేసి లాక్ చేసినా వెనక్కి రాదు, సెక్యూర్ ఫోల్డర్ (ఫైళ్లను విడిగా తాళం వేసి దాచుకునే చోటు) శాశ్వతంగా పోతుంది. హువావే వాళ్లు 2018లో అన్‌లాక్ కోడ్‌లు ఇవ్వడమే మానేశారు. ఒక కంపెనీ ఫోన్‌కు రాసిన పద్ధతిని ఇంకో కంపెనీ ఫోన్ మీద ప్రయోగించే అలవాటు మన వాళ్లలో ఎక్కువ, అందుకే ఇంత రాశాను.

ప్రశ్నించినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. కేబుల్ మార్చాను, డ్రైవర్ వేశాను. ‘గెట్ అన్‌లాక్ ఎబిలిటీ’ అడిగితే తెర మీద 1 అని వచ్చింది. స్విచ్‌ను ఆపాలన్న సంగతి నాకు అప్పట్లో తెలియకపోవడమే నన్ను కాపాడిందన్నమాట.

అన్‌లాక్ అయింది. బ్లూజే ఫ్యాక్టరీ ఇమేజ్‌ను ఫ్లాష్ చేయడానికి రాత్రి మొదలుపెడితే, మధ్యలో ఒకసారి ఫోన్ దానంతటది రీస్టార్ట్ అయి ఫాస్ట్‌బూట్‌డీ అనే ఇంకో తెర చూపించేసరికి గుండె జారింది. సూపర్ అనే పెద్ద పార్టిషన్‌లోని సిస్టమ్ భాగాలను రాయడానికి అది అలా మారుతుందని తరువాత చదివి తెలుసుకున్నాను. కేబుల్ పీకకుండా ఓపిక పట్టాను, పూర్తయింది. ఫోన్ లేచాక అదే వెర్షన్ ఓటీఏను సైడ్‌లోడ్ చేశాను, మళ్లీ హోమ్ స్క్రీన్ చూశాను, ఆ తరువాతే లాక్ చేశాను. ఆన్ చేసేటప్పుడు ఇన్నాళ్లూ కనిపించిన హెచ్చరిక ఇప్పుడు లేదు. బ్యాంకు యాప్ తెరుచుకుంది.

ఫోటోలలో దసరాకు మా అమ్మాయి తీసినవి ఒక వారంపాటు బ్యాకప్ కాలేదు, అవి పోయాయి. ఫోన్‌లో తెలుగు మళ్లీ నోటో ఫాంటుకు వచ్చేసింది. మండలిని పుస్తకాలు చదివే యాప్‌లో మాత్రం పెట్టుకున్నాను, దానికి రూట్‌తో పని లేదని ఇప్పుడే తెలిసింది.