అంబాసిడర్ ముందు బెంచ్ సీటు కుంగింది, ఫోమ్ మారిస్తే సరిపోద్దా?

గోదారి_అంబి: అన్నలూ, నాన్నగారి 1986 మార్క్ 4 బండి, కాలమ్ గేరు (స్టీరింగు పక్కనే ఉండే గేరు). డ్రైవర్ వైపు సీటు బాగా కుంగిపోయింది, గంట తోలితే నడుం పట్టేస్తంది. వేరే కారు బకెట్ సీట్లు (ఎవరిది వాళ్ళకి విడివిడిగా ఉండేవి) పెట్టించేయమంటన్నారు, నాకేమో బెంచ్ ఉంచాలనే ఉంది, ఏం చేయమంటారు?

పాతబండి: బెంచ్ తీయకు తమ్ముడూ, కాలమ్ గేరు కాబట్టేగా ముందు ముగ్గురు పడుతున్నారు. సీటు బయటికి లాగించి రెక్సిన్ విప్పించు, ఫోమ్ సంగతి తర్వాత. కింద స్ప్రింగులు ఒకటో రెండో విరిగుంటాయ్, వాటి మీద గోనెపట్టా చిరిగి పైనున్న పీచు స్ప్రింగుల్లోకి దిగిపోయుంటది, అది బాగుచేయకుండా పైన ఎంత ఫోమ్ పరిచినా కొన్నాళ్ళకి మళ్ళీ గుంటే.

కుషన్_బాబాయ్: పైన చెప్పింది కరెక్ట్. షాపోళ్ళు మెత్తటి ఫోమ్ చూపిస్తారు, నొక్కి చూసి పడిపోకు. కింద 40 డెన్సిటీ హెచ్‌ఆర్ ఫోమ్ (నొక్కినా మళ్ళీ పైకి లేచే గట్టి రకం), పైన పల్చగా మెత్తటి లేయరు చాలు. మరీ మందం చేయిస్తే సీటు లేచి తొడలు స్టీరింగుకి తగుల్తాయ్. ముందు అంచు కాస్త ఎత్తు పెట్టించు, తొడలకి ఆనుతుంది. నడుం దగ్గర లోపలే ఓ ఫోమ్ ముక్క అంటిస్తే బయటికి కనపడదు కూడా.

గోదారి_అంబి: సూపర్ బాబాయ్. పైన రెక్సినా, బట్టా?

పాతబండి: మన ఎండలకి రెక్సిన్ అంటే వీపంతా చెమటే, కూర్చునే చోట బట్ట, అంచులకి రెక్సిన్ వేయించు. పాత కవరు మాత్రం పారేయనివ్వకు, దాన్ని విప్పి కొలతకి పెట్టుకునే కొత్తది కోస్తారు.