ఇంట్లో జర్మన్ సాసేజ్: నైట్రైట్ ఉప్పు వేయాలా, వద్దా?

యేనా విద్యార్థి:
అందరికీ నమస్కారం. నేను జర్మనీలో, తురింగియా రాష్ట్రంలోని యేనాలో ఎమ్మెస్ చదువుతున్నాను. మా ఇంటి ఓనరమ్మ దగ్గర బ్రాట్‌వుర్స్ట్, అంటే కాల్చుకుని తినే సాసేజ్, చేయడం నేర్చుకుంటున్నాను. ఆవిడ కిలో పంది కీమాకి 18 గ్రాముల మామూలు ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి, మరువం వేస్తుంది. మన షాజీరాని పోలిన గింజలు కొన్ని కలుపుతుంది. అంతే. ఆర్న్‌స్టాట్ మఠం లెక్కల్లో 1404లోనే బ్రాట్‌వుర్స్ట్ మాంసం కూరే పేగులకి ఒక గ్రోషెన్ (అప్పటి నాణెం) ఖర్చు రాసి ఉందని ఎంతో గర్వంగా చెబుతుంది. వీడియోల్లో మాత్రం నైట్రైట్ (మాంసం చెడిపోకుండా వాడే రసాయనం) కలిపిన ఉప్పు లేకుండా ఇంట్లో సాసేజ్ చేస్తే ప్రాణాల మీదికి వస్తుందంటున్నారు. ఇక్కడ దాన్ని ప్యోకెల్‌జాల్ట్స్ అంటారు. నాకు టెన్షన్ పట్టుకుంది. వేయాలా, వద్దా?

నూరెంబర్గ్ వంటిల్లు:
వద్దు తమ్ముడూ. నేను పన్నెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, ఏనాడూ వేయలేదు. మా ఊరి బ్రాట్‌వుర్స్ట్‌కి 2003 నుంచి యూరప్‌లో భౌగోళిక గుర్తింపు ఉంది. పొడవు 7 నుంచి 9 సెంటీమీటర్లు, బరువు 20 నుంచి 25 గ్రాములు, గొర్రె పేగు, మరువం. ఆ నిబంధనల ప్రకారం పొగబెట్టని వాటిలో మాంసం నైట్రైట్ ఉప్పుతో ఎర్రబడకూడదు. మ్యూనిక్ వైస్‌వుర్స్ట్ చూడు, దూడ మాంసంతో చేస్తారు. నైట్రైట్ వేయరు కాబట్టే అది తెల్లగా ఉంటుంది. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో పొద్దున చేసింది మధ్యాహ్నం పన్నెండు గంటలు కొట్టేలోపు తినేయాలన్న ఆనవాయితీ అందుకే వచ్చింది.

ఇంకో మాట. నైట్రైట్ వేసిన మాంసాన్ని నిప్పుల మీద కాలిస్తే నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారక పదార్థాలు పుడతాయి. అందుకే కాల్చుకునే సాసేజ్‌లో అది ఉండకూడదని ఇక్కడి కసాయి దుకాణంలో ఎవరిని అడిగినా చెబుతారు. 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ప్రాసెస్డ్ మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. మనింట్లో మన చేతులతో చేసుకునేదానిలో కూడా అదే కలపడం ఎందుకు?

మైక్రోబయాలజీ మేడమ్:
నూరెంబర్గ్ గారూ, బ్రాట్‌వుర్స్ట్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ "ఏనాడూ వేయలేదు" అన్న మాట చదివి ఎవరైనా పొగబెట్టిన సాసేజ్‌కి కూడా మామూలు ఉప్పే చాలనుకుంటే చాలా ప్రమాదం. బొటులిజం అంటే ఒక బ్యాక్టీరియా విషం వల్ల వచ్చే ప్రాణాంతక జబ్బు. ఆ పేరే లాటిన్‌లో సాసేజ్ అనే మాట నుంచి వచ్చింది. జర్మనీలోని వుర్టెంబర్గ్‌లో యుస్టినుస్ కెర్నర్ అనే డాక్టర్ 1820లో సాసేజ్ తిని విషం సోకిన 76 కేసుల వివరాలు రాశారు. ఒకటే రెండుగా కనిపించడం, మింగలేకపోవడం, చివరికి ఊపిరి ఆడకపోవడం. రోగి మాత్రం స్పృహలోనే ఉంటాడు. పాఠం చెప్పేటప్పుడు ఇది చెప్పి ఒక్క నిమిషం ఆగుతాను.

ఆ బ్యాక్టీరియా బీజాలు మరిగే నీళ్లలో కూడా చావవు. గాలి తగలని చోట, పులుపు లేని చోట, గోరువెచ్చగా రోజుల తరబడి ఉంటే మొలకెత్తుతాయి. పేగులో కూరి, మంట తగలని పొగలో రోజుల తరబడి వేలాడదీసిన మాంసం సరిగ్గా అలాంటి చోటే. అక్కడ వాటిని ఆపేది నైట్రైట్. కాబట్టి అసలు అడగాల్సింది సాసేజ్ చేశాక ఎన్ని గంటల్లో తింటారని. అదే రోజు కాల్చుకుని తినేదానికి అక్కర్లేదు. మెట్‌వుర్స్ట్, సలామీ లాంటి, పచ్చి మాంసాన్ని వండకుండా ఆరబెట్టి దాచుకునే సాసేజ్‌లు చేస్తే మాత్రం తప్పదు.

నూరెంబర్గ్ వంటిల్లు:
మేడమ్, పొగబెట్టేవి నేను చేయను. అది అనుభవం ఉన్నవాళ్ల పని. కానీ లేబర్‌కేజ్ (మెత్తగా రుబ్బిన మాంసాన్ని రొట్టెలా కాల్చేది) సంగతేంటి? ఓవెన్‌లో కాల్చి వేడివేడిగా తినేదే కదా. దానికీ నైట్రైట్ వేస్తున్నారంటే కేవలం గులాబీ రంగు కోసమే. నేను వేయను. బూడిద రంగులో వస్తుంది, మా పిల్లలకి అదే అలవాటైంది. యూరోపియన్ యూనియన్ కూడా 2025 అక్టోబరు నుంచి నైట్రైట్ పరిమితి తగ్గించింది.

మైక్రోబయాలజీ మేడమ్:
అదే రోజు తింటే మీ ఇష్టం. ముక్కలు కోసి వారం రోజులు ఫ్రిజ్‌లో దాచుకుంటే మాత్రం నేను ఒప్పుకోను.

సికింద్రాబాద్ సండే వంట:
అక్కా, మేడమ్, మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నేను ఈ ఆదివారం చేయబోతున్నాను. జర్మన్ రెసిపీలో కిలోకి 20 గ్రాములు ప్యోకెల్‌జాల్ట్స్ అని ఉంది. ఆన్‌లైన్‌లో గులాబీ రంగు క్యూరింగ్ సాల్ట్ తెప్పించాను, ప్యాకెట్ మీద 6.25 శాతం అని ఉంది. అదే 20 గ్రాములు వేయొచ్చా?

మైక్రోబయాలజీ మేడమ్:
వేయకండి! ముందు ఆ ప్యాకెట్ పక్కన పెట్టి ఈ లెక్క చూడండి. జర్మనీలో దొరికే ఉప్పులో నైట్రైట్ అర శాతం లోపే ఉంటుంది. 20 గ్రాములు వేస్తే కిలో మాంసంలోకి వెళ్లేది సుమారు 100 మిల్లీగ్రాములు. మీ దగ్గరున్నది అమెరికా పద్ధతి ఉప్పు. అదే 20 గ్రాములు వేస్తే 1,250 మిల్లీగ్రాములు. పన్నెండు రెట్లు! అంత నైట్రైట్ ఒంట్లోకి వెళ్తే రక్తం ఆక్సిజన్ మోయలేదు, పెదవులు నీలంగా మారతాయి, ప్రాణం పోవచ్చు. మీ ప్యాకెట్‌తో చేయాలంటే అమెరికా కొలత ప్రకారం కిలోకి మహా అయితే రెండున్నర గ్రాములే, మిగతాది మామూలు ఉప్పు. అదీ గ్రాములో పదో వంతు చూపించే తూకం ఉంటేనే. చెంచా కొలతలు పనికిరావు.

ఇంకొకటి. ఇంట్లో ఉప్పుతో కలిసిపోకూడదనే దానికి గులాబీ రంగు వేస్తారు. కానీ మన వంటింట్లో సైంధవ లవణం కూడా గులాబీ రంగులోనే ఉంటుంది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి, పిల్లలకి అందని చోట పెట్టండి.

సికింద్రాబాద్ సండే వంట:
మేడమ్, చదువుతుంటేనే చేతులు వణికాయి. ఆ డబ్బా నిజంగానే సైంధవ లవణం పక్కన ఉంది. ఇప్పుడే తీసేశాను. నేను చేసేది పెనం మీద కాల్చుకునేదే కాబట్టి మామూలు ఉప్పుతోనే చేస్తాను.

నూరెంబర్గ్ వంటిల్లు:
మంచి పని చేశావు. హైదరాబాద్ వేడికి ఇంకో జాగ్రత్త. మాంసం, కొవ్వు, మిక్సీ గిన్నె, అన్నీ ఫ్రీజర్‌లో అరగంట పెట్టు. కొవ్వు వెచ్చబడితే మాంసంతో కలవదు, కాల్చగానే నూనెలా కారిపోయి లోపల ఇసుకలా రవ్వరవ్వగా మిగులుతుంది. పేగులో కూరేముందు చిన్న ఉండ వేయించి ఉప్పు చూసుకో. పచ్చిది నోట్లో పెట్టుకోవద్దు. కాల్చాక లోపల 72 డిగ్రీలు రావాలి.

యేనా విద్యార్థి:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఓనరమ్మతో కలిసి మామూలు ఉప్పుతోనే చేశాను. పేగుని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, కుళాయికి తగిలిస్తే నీళ్లు నిండి పాములా కదిలింది. మొదటి రెండూ బాణలిలో పగిలిపోయాయి, మరీ బిగించి కూరానంది ఆవిడ. మరువం అరచేతుల్లో నలుపుతుంటే మా అమ్మ పూలజడ గుర్తొచ్చింది. ఆ ఆకుని ఊళ్లో జడలో పెట్టుకుంటామని చెబితే ఆవిడ నమ్మలేదు, ఫోటో చూపించాను.

మైక్రోబయాలజీ మేడమ్:
సంతోషం బాబూ. మిగిలిన పచ్చివి ఎక్కడ పెట్టారు?

యేనా విద్యార్థి:
కూరిన గంటలోపే ఫ్రీజర్‌లో పెట్టేశాం మేడమ్. కవర్ మీద తేదీ కూడా రాశాను.