మెత్తని జెల్ మీద కూడా యాప్ (YAP) ప్రోటీన్ కణ కేంద్రకంలోనే ఎందుకు కనిపిస్తోంది?

కణాలు తమ కింది ఆధారం గట్టిదా, మెత్తనిదా అన్నది ఎలా పసిగడతాయో చూసేందుకు ఎలుక ఫైబ్రోబ్లాస్ట్ (3టి3) కణాలను పాలీఅక్రిలమైడ్ జెల్‌ల మీద పెంచుతున్నాను. మెత్తని జెల్‌కు 4% అక్రిలమైడ్, 0.1% బిస్ (అక్రిలమైడ్ గొలుసులను అడ్డంగా కలిపే రసాయనం; గట్టిదనం సుమారు 1 కిలోపాస్కల్), గట్టి జెల్‌కు 8%, 0.48% (సుమారు 40 కిలోపాస్కల్) వాడి, రెండింటికీ సల్ఫో-శాన్‌పా అనే అతికించే రసాయనంతో, కణాలు పట్టుకునేందుకు కొల్లాజెన్-1 ప్రోటీన్‌ను అతికించాను. యాప్ అన్నది ఆధారం గట్టిగా ఉంటే కేంద్రకంలోకి చేరే ప్రోటీన్. మెత్తని జెల్ మీద కణాలు అంతగా పరుచుకోకుండా, యాప్ చాలావరకు సైటోప్లాజంలోనే ఉండిపోవాలి. కానీ 24 గంటల తర్వాత చూస్తే రెండు జెల్‌ల మీదా కణాలు బాగా పరుచుకొని, యాప్ కేంద్రకంలోనే మెరుస్తోంది.

అడుగునున్న గాజు గట్టిదనం కణాలకు తెలుస్తోందేమోనని జెల్ మందాన్ని 30 నుంచి 100 మైక్రాన్లకు పెంచాను, కొల్లాజెన్‌ను మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల నుంచి 20కి తగ్గించాను, కణాలను ఒకదానికొకటి తగలనంత పలుచగా చల్లాను, ఏదీ ఫలించలేదు. కణం లోపలి బిగుతును (మయోసిన్‌ను) ఆపే మందు బ్లెబ్బిస్టాటిన్‌ను 50 మైక్రోమోలార్ ఇస్తే గంటలో యాప్ కేంద్రకం నుంచి బయటికి వస్తోంది కాబట్టి యాప్‌ను గుర్తించే యాంటీబాడీని అనుమానించలేను. మెత్తని జెల్ అంచును ఫోర్సెప్స్ మొనతో తాకితే వణుకుతుంది, గట్టిది కదలదు. అయితే నా చేతికి తెలిసే మెత్తదనమూ కణానికి తెలిసేదీ ఒకటే కావాలని లేదు.

ఉపరితలపు గట్టిదనాన్ని నేరుగా కొలిచే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ అందుబాటులో లేనప్పుడు, లోపం జెల్ ఉపరితలపు గట్టిదనంలో ఉందా, లేక ఆ 24 గంటల్లో కణాలు తామే స్రవించుకున్న ఫైబ్రోనెక్టిన్‌లో (కణాలు పట్టుకునే మరో ప్రోటీన్) ఉందా అన్నది ఏ పరీక్షతో తేల్చుకోవచ్చు?