ఇంజినీరింగ్ ఎలెక్టివ్‌ను ఎన్‌పీటీఈఎల్‌లో చేసి క్రెడిట్లు తెచ్చుకోవడం లాభమా, నష్టమా?

ప్రశాంతి_ఈసీఈ
మూడో ఏడాది రెండో సెమిస్టర్‌లో ఒక ప్రొఫెషనల్ ఎలెక్టివ్‌ను (మనం ఎంచుకునే సబ్జెక్టును) క్లాసులో కాకుండా కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల స్వయం పోర్టల్ మీద, ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ 12 వారాల కోర్సుగా చేయొచ్చని డిపార్ట్‌మెంట్ సర్క్యులర్ ఇచ్చింది. 3 క్రెడిట్లు ఇస్తారట. ఆదివారంలోగా ఏదో ఒకటి చెప్పాలి. ఎక్కడ దెబ్బ తగులుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

బుధవారం_11_59
చేయండి. కాకపోతే లెక్క ముందే తెలుసుకుని దిగండి.

అసైన్‌మెంట్లకు 25, సెంటర్‌కు వెళ్లి కంప్యూటర్ మీద రాసే పరీక్షకు 75. 12 వారాల కోర్సులో 12 అసైన్‌మెంట్లుంటే బాగా వచ్చిన 8 తీసుకుని సగటు కడతారు. గడువు చాలా కోర్సులకు బుధవారం రాత్రి 11:59. ఆలోపు ఎన్నిసార్లు మార్చి పంపినా చివరిసారి పంపిందే లెక్క. గడువు దాటితే ఆ వారం సున్నా, ఎవర్ని బతిమాలినా తెరవరు.

కోర్సులో చేరడం ఉచితం. పరీక్షకు మాత్రం వేరే ఫారం, వేరే గడువు, 1000 రూపాయల ఫీజు (ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు సగం). ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే. ఎన్‌రోల్ అయ్యాం కదా అని ఊరుకుంటారు, ఫారం గడువు పోయాక గుర్తొస్తుంది. చేరేటప్పుడు కాలేజీ పేరు, రోల్ నంబరు సరిగ్గా ఇవ్వండి, లేదంటే కాలేజీలో దీన్ని చూసే కోఆర్డినేటర్ లిస్టులో మీరు కనిపించరు. ఫారంలో పేరు ఐడీ కార్డు మీద ఎలా ఉందో అలాగే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా రాస్తే తర్వాత సర్టిఫికెట్ మీద పేరు కోసం తిరగాలి.

కరీంనగర్_కుర్రోడు
అంత భయపెట్టకు అన్నా. మొత్తం 40 వస్తే పాస్ కదా. అసైన్‌మెంట్ల జవాబులు టెలిగ్రామ్‌ల దొరుకుతయి, 25కి 25 పడ్డట్టే. పరీక్షల ఇంక 15 తెచ్చుకుంటే అయిపాయె.

బుధవారం_11_59
అవ్వదు తమ్ముడూ. అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30, రెండూ విడివిడిగా దాటాలి. 25+29=54 వచ్చినా సర్టిఫికెట్ రాదు. 10+30=40 వస్తే వస్తుంది.

కరీంనగర్_కుర్రోడు
54 వచ్చినోడు ఫెయిలు, 40 వచ్చినోడు పాసా? ఇదెక్కడి న్యాయం?

చాక్‌పీస్
అదే న్యాయం. ఆ 25 మార్కులు ఇంట్లో కూర్చుని తెచ్చుకున్నవి, ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. ఆ 30 మాత్రం గుర్తింపు కార్డు చూపించి, కెమెరా ముందు కూర్చుని తెచ్చుకోవాలి. ఆ నిబంధన తీసేస్తే సర్టిఫికెట్‌కు విలువుండదు.

అసలు ప్రశ్నకు వస్తాను. ప్రశాంతి గారూ, నా మాట వద్దనే. వీడియోలు బాగుండవని కాదు, ఐఐటీ, ఐఐఎస్సీ ఆచార్యుల పాఠాలు అవి. కానీ వారానికి ఐదారు వీడియోలు, ఒక్కోటి అరగంట. మూడు గంటల వీడియో చూడాలంటే ఆపి, వెనక్కి జరిపి, నోట్సు రాసుకుంటే ఐదు గంటలు పడుతుంది. మీ టైమ్‌టేబుల్‌లో ఆ ఐదు గంటలు ఎక్కడున్నాయి? క్లాసులో ఎలెక్టివ్‌కు మూడు పీరియడ్లుండేవి. ఆన్‌లైన్‌కు మారగానే ఆ పీరియడ్లను ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌కు ఇచ్చేస్తారు. పాఠం రాత్రి హాస్టల్‌కు చేరుతుంది. నాలుగో వారానికల్లా వీడియోలు ఆగిపోతాయి, అసైన్‌మెంట్లు ఒక్కటే నడుస్తాయి. అవెలా నడుస్తాయో పైన తమ్ముడు చెప్పేశాడు.

బుధవారం_11_59
సార్, అది టైమ్‌టేబుల్ తప్పు. కోర్సు తప్పు కాదు.

సోల్డర్‌ఐరన్
పేరులో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచ్) అని ఉంది కాబట్టి ఒక మాట. ల్యాబ్‌తో ముడిపడ్డ సబ్జెక్టును ఆన్‌లైన్‌లో పెట్టుకోకండి. ఉదాహరణకు 741 ఆప్-ఆంప్, అంటే సిగ్నల్‌ను పెంచే చిప్పు. సిమ్యులేటర్‌లో ఐడియల్ ఆప్-ఆంప్ పెడితే 10 కిలోహెర్ట్జ్ దగ్గర 10 వోల్టుల పీక్ సైన్‌వేవ్ చక్కగా బయటికొస్తుంది. బోర్డు మీద రాదు. దానికి సెకనులో పదిలక్షవ వంతుకు 0.63 వోల్టుల వేగం కావాలి. 741 ఇచ్చేది 0.5 దగ్గర. సైన్ కాస్తా ట్రయాంగిల్ అవుతుంది. అది కళ్లతో చూసినవాడికి స్లూ రేట్ (అవుట్‌పుట్ మారగలిగే గరిష్ఠ వేగం) జన్మలో మర్చిపోవడం ఉండదు.

బుధవారం_11_59
ఐడియల్ మోడల్ పెడితే ట్రయాంగిల్ రాదు, నిజమే. ఎల్‌టీస్పైస్ సిమ్యులేటర్‌లో 741 మాక్రోమోడల్ (అసలు చిప్పులా నడిచే మోడల్) పెట్టండి, అదే ట్రయాంగిల్ వస్తుంది. 8 కిలోహెర్ట్జ్ దాకా సైన్, ఆపైన చెడిపోతుంది. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద పది నిమిషాల పని.

సోల్డర్‌ఐరన్
స్లూ రేట్ వస్తుంది. బ్రెడ్‌బోర్డు మీద పట్టు వదిలిన వైరు వస్తుందా? సప్లై పిన్ను దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టకపోతే ఊగే అవుట్‌పుట్ వస్తుందా? ప్రోబ్ ×10లో ఉండి ఆసిలోస్కోప్ ×1లో ఉంటే పదోవంతు చూపించడం వస్తుందా? పనిలో చేరాక రోజూ ఎదురయ్యేవి ఇవే.

బుధవారం_11_59
ఆవిడ అడిగింది ఎలెక్టివ్ గురించి, ల్యాబ్ గురించి కాదు. ఇన్ఫర్మేషన్ థియరీకి బ్రెడ్‌బోర్డు ఎందుకండీ?

సోల్డర్‌ఐరన్
ఏ ఎలెక్టివ్ అని ఆవిడ చెప్పలేదు. మీరే థియరీ అనుకున్నారు.

ప్రశాంతి_ఈసీఈ
డిజిటల్ ఇమేజ్ ప్రాసెసింగ్ అండి.

సోల్డర్‌ఐరన్
అయితే ఆన్‌లైన్‌లో పర్వాలేదు. సిగ్నల్స్, డీఎస్‌పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) గట్టిగా ఉండాలి. సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్‌లో తడబడితే ఫ్రీక్వెన్సీ డొమైన్ ఫిల్టరింగ్ వారాల్లో మునిగిపోతారు. ప్రతి ఫిల్టర్‌నూ పైథాన్‌లో మీ చేత్తో రాసి చూసుకోండి.

సాయంత్రం_బస్సు
డేటా సంగతి ఎవరూ చెప్పలేదు. 360పీలో గంట వీడియోకు దాదాపు 300 ఎంబీ పోతుంది. కాలేజీ వైఫైలో డౌన్‌లోడ్ చేసుకోండి. చాలా కోర్సులకు పాఠం రాతప్రతి పీడీఎఫ్‌గా ఉంటుంది, కొన్నింటికి తెలుగులో కూడా ఉంది.

చాక్‌పీస్
ఫలితాల సంగతి కూడా ఎవరూ చెప్పలేదు. జనవరి కోర్సు పరీక్ష ఏప్రిల్ చివర్లో ఉంటుంది. మార్కులు రావడానికి ఇంకొన్ని వారాలు. ఈలోపు మీ సెమిస్టర్ మెమో తయారవుతుంటుంది. ఒకవేళ పోతే నెలలోపు సప్లిమెంటరీ రాసే పద్ధతి ఇక్కడ లేదు. కోర్సు మళ్లీ నడిచేదాకా ఆగాలి. మీది యూనివర్సిటీ ఆర్22 నిబంధనలైనా, ఆర్23 అయినా, అటానమస్ కాలేజీ సొంత నిబంధనలైనా సరే, అకడమిక్ రెగ్యులేషన్స్ పుస్తకంలో మూక్స్ (ఆన్‌లైన్ కోర్సులు) అనే భాగం తీసి చదవండి. ఎన్‌పీటీఈఎల్ మార్కును గ్రేడుగా ఎలా మారుస్తారు, ఫెయిలైతే బదులుగా క్లాసు ఎలెక్టివ్ పరీక్ష రాయనిస్తారా, ఈ రెండూ చూడండి. పేజీ దొరక్కపోతే చేరవద్దు. నాలుగో ఏడాది ఆఖరి సెమిస్టర్‌లో అయితే అసలే వద్దు, ప్రొవిజనల్ (తాత్కాలిక డిగ్రీ) సర్టిఫికెట్ ఆగిపోతుంది.

బుధవారం_11_59
సార్, మీరు చెప్పే ప్రతి ఇబ్బందికీ కాలేజీయే కారణం. పీరియడ్లు తీసేసేది కాలేజీ. గ్రేడు ఎలా మారుస్తారో చెప్పనిది కాలేజీ. తిట్లు మాత్రం ఆన్‌లైన్ కోర్సుకు. క్లాసులో జరిగేది ఏమిటో కూడా చెప్పండి మరి. పీపీటీ చదివేసి, మిడ్ పరీక్షకు పది ప్రశ్నలిచ్చి, అందులోంచే ఆరు అడగడం. దానికన్నా ఆ వీడియో వెయ్యి రెట్లు మేలు. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్‌కు కూడా అదే పనికొస్తుంది.

చాక్‌పీస్
పీపీటీ ఎందుకు చదువుతారో తెలుసా? ఇచ్చే జీతానికి ఎలెక్టివ్ సబ్జెక్టులో లోతు ఉన్నవాళ్లు రారు. వచ్చినవాళ్లకు సెమిస్టర్‌కొక కొత్త సబ్జెక్టు నెత్తిన పెడతారు. మీరు వెయ్యి రెట్లు అన్న మాట మేనేజ్‌మెంట్‌కు ఎంత తీపిగా ఉంటుందో ఆలోచించారా?

కరీంనగర్_కుర్రోడు
సార్‌కు కోపమొచ్చింది. 54 ముచ్చట ఇంకా తేలలే.

బుధవారం_11_59
సార్, సూటిగా అడుగుతున్నా. మీ బాధ విద్యార్థి గురించా, లెక్చరర్ ఉద్యోగం గురించా?

చాక్‌పీస్
రెండూ ఒకటే కాబట్టి రెండింటి గురించీ. లెక్క చెప్తాను, తప్పుంటే దిద్దండి.

అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు యూజీసీ లెక్కన వారానికి 16 గంటల బోధన. ఒక సెక్షన్ ఎలెక్టివ్‌కు 3 గంటలు. ఐదు సెక్షన్లను ఆన్‌లైన్‌కు తోస్తే 15 గంటలు, అంటే దాదాపు ఒక పోస్టు మాయం. 2016 నిబంధనల్లో స్వయం ద్వారా 20 శాతం దాకానే ఉండేది, 2021లో యూజీసీ దాన్ని ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం చేసింది. అది విద్యార్థికి ఇచ్చిన వెసులుబాటు, తన కాలేజీలో లేని కోర్సు ఎంచుకోవడానికి. సర్క్యులర్‌లో అది ఎంపికగా ఉండదు. క్లాసులో ఆ ఎలెక్టివ్ ఆఫర్ చేయడమే మానేస్తారు. ట్యూషన్ ఫీజు పైసా తగ్గదు, పైగా 1000 రూపాయలు పిల్లలే కట్టుకోవాలి. డౌటొస్తే అడగడానికి మనిషి ఉండడు. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 20 మంది విద్యార్థులకు ఒక టీచరు అంటుంది, కాగితం మీద ఆ టీచరు ఉంటాడు. నేను వద్దంటున్నది ఆ పద్ధతిని. కోర్సును కాదు.

బుధవారం_11_59
ఈ మాట మొదటే అనుంటే ఇంత దూరం వచ్చేది కాదు సార్. మేం అడిగేదీ అదే. క్లాసులో ఉన్న ఎలెక్టివ్ అలాగే ఉండాలి, కావాలన్నవాళ్లకు ఆన్‌లైన్ ఉండాలి. కానీ నా మాట వెనక్కి తీసుకోను. లెక్చరర్ ఉన్నంత మాత్రాన పాఠం జరగదు.

చాక్‌పీస్
జరగదు. లేకపోతే అడిగే అవకాశం కూడా ఉండదు.

ప్రశాంతి_ఈసీఈ
సర్క్యులర్ మళ్లీ చూశాను. క్లాసులో ఆ ఎలెక్టివ్ ఇస్తారో లేదో అందులో లేదు. ఎవర్ని అడగాలి?

చాక్‌పీస్
హెచ్ఓడీకి (విభాగాధిపతికి) రాతపూర్వకంగా పెట్టండి, ఒక్కరు కాదు, పదిమంది సంతకాలతో. మూడు అడగండి. క్లాసులో ఎలెక్టివ్ కొనసాగుతుందా, ఆన్‌లైన్ ఎంచుకున్నవాళ్లకు టైమ్‌టేబుల్‌లో వారానికి 3 పీరియడ్లు మెంటర్‌తో ఉంటాయా, ఆ మెంటర్ గంటలను వర్క్‌లోడ్‌లో చూపిస్తారా. మూడోది కచ్చితంగా రాయండి. అది లేకపోతే మెంటర్ పేరుకే ఉంటాడు.

బుధవారం_11_59
నాలుగోది కూడా రాయండి: ఆ 1000 కాలేజీ తిరిగి ఇస్తుందా అని. కొన్ని కాలేజీలు పాసైనవాళ్లకు ఇస్తాయి, అడిగితేనే.

కరీంనగర్_కుర్రోడు
ఐదోది నాది. పరీక్షల 30 తప్పనిసరి అని సర్క్యులర్‌ల పెద్దక్షరాలతో వేయమనుండ్రి. మా బ్యాచుల సగం మందికి తెల్వదు.